ఏడాది మధ్యలో హెచ్‌ఎస్‌ఏ తెరిచారా? ఎంత వెయ్యొచ్చో ఇలా లెక్కేసుకోండి

అమెరికాలో ఉద్యోగం మారిన ప్రతిసారీ బెనిఫిట్స్ గురించి ఓ లావుపాటి పుస్తకం పంపిస్తారు. సరిగ్గా ఆ వారమే ఇల్లు మారడం, పిల్లల స్కూలు, కొత్త లాప్‌టాప్ పాస్‌వర్డులు అన్నీ మీద పడి ఉంటాయి కాబట్టి మనం ఏం చేస్తామంటే, టీమ్‌లో ఉన్న ఇంకో తెలుగాయన్ని పట్టుకుని "మీరేం తీసుకున్నారండీ?" అని అడిగి అవే టిక్కులు పెట్టేస్తాం. ఆయన హై డిడక్టిబుల్ ప్లాన్ (ముందు కొంత ఖర్చు, అంటే డిడక్టిబుల్, మనమే పెట్టుకున్నాక ఇన్సూరెన్స్ కట్టే ప్లాన్) తీసుకుని హెచ్‌ఎస్‌ఏకి (హెల్త్ సేవింగ్స్ అకౌంట్, అంటే వైద్య ఖర్చుల కోసం టాక్స్ లేకుండా డబ్బు దాచుకునే ఖాతా) గరిష్ఠం పెట్టానంటాడు, మనమూ గరిష్ఠమే పెడతాం. ఆయన ఆ ప్లాన్‌లో జనవరి నుంచీ ఉన్నాడు, మనం ఆగస్టులో చేరాం అన్న తేడా ఆ రోజు తట్టదు. ఫిబ్రవరిలో టాక్స్ సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు తడుతుంది.

నాకూ అప్పుడే తట్టింది. 2024 జులైలో కంపెనీ మారాను. రెండుచోట్లా ఫ్యామిలీ కవరేజీ, రెండుచోట్లా పేచెక్ నుంచి హెచ్‌ఎస్‌ఏకి కోత. ఫిబ్రవరిలో ఓ రాత్రి పిల్లలు పడుకున్నాక రెండు డబ్ల్యూ-2లూ (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, కోతల కాగితాలు) డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, 12వ బాక్సులో డబ్ల్యూ అనే అక్షరం పక్కనున్న అంకెలు కూడి చూశాను. ఒకదాంట్లో 4,850, ఇంకోదాంట్లో 4,000, మొత్తం 8,850. ఆ ఏడాది ఫ్యామిలీ పరిమితి 8,300. నా పాత కంపెనీ ఎంత కోసిందో కొత్త కంపెనీకి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ దానికి లేదు. లెక్క చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. ఆ 550 డాలర్లు వెనక్కి తీయడానికి పడ్డ తంటా కింద చెప్తాను గానీ, అసలు అంతవరకూ రాకుండా ఏం చేయాలో ముందు చూద్దాం. నేను సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) కాను, నా రిటర్న్ నేనే ఫైల్ చేసుకునేవాణ్ని. కింద వాడిన పరిమితులన్నీ 2026వి.

మొదట: ఏ నెల నుంచి మీకు అర్హత వచ్చింది?

హెచ్‌ఎస్‌ఏ నియమాలన్నీ నెలల లెక్కలో నడుస్తాయి, అందులోనూ ప్రతి నెలా ఒకటో తారీఖు మీద నడుస్తాయి. ఒకటో తారీఖున మీరు అర్హత ఉన్న ప్లాన్‌లో ఉంటే ఆ నెల మీది. రెండో తారీఖున చేరితే ఆ నెల పోయినట్టే, పైనెల నుంచే లెక్క. మీరు ఆగస్టు 14న ఉద్యోగంలో చేరారు, ఇన్సూరెన్స్ కూడా ఆ రోజు నుంచే మొదలైంది అనుకోండి, హెచ్‌ఎస్‌ఏ దృష్టిలో మీరు సెప్టెంబర్ మనిషి. కాబట్టి ఆఫర్ లెటర్‌లో ఉన్న చేరిక తేదీని కాకుండా ఇన్సూరెన్స్ కార్డు మీద గానీ పోర్టల్‌లో గానీ కవరేజీ మొదలైన తేదీని చూడండి, కొన్ని కంపెనీల్లో ఈ రెండింటికీ నెల తేడా ఉంటుంది.

ఇక ఆ ఒకటో తారీఖున ఏమేం ఉండాలి, ఏమేం ఉండకూడదు అంటే. ఉండాల్సింది ఒక్కటే, చట్టం ఒప్పుకునే హై డిడక్టిబుల్ ప్లాన్. 2026లో దానికి ఒక్కరికైతే కనీసం 1,700 డాలర్ల డిడక్టిబుల్, ఫ్యామిలీకి 3,400 ఉండాలి, జేబులోంచి పెట్టే మొత్తం ఖర్చు 8,500, 17,000 దాటకూడదు. డిడక్టిబుల్ ఎక్కువగా ఉన్న ప్రతి ప్లానూ ఇందులోకి రాదు. డిడక్టిబుల్ తీరకముందే మామూలు జ్వరానికి డాక్టర్ దగ్గరికెళ్తే పాతిక డాలర్ల కోపేతో అయిపోయే ప్లాన్ అయితే సాధారణంగా పనికిరాదు, టీకాలు, ఏటా చేసే చెకప్ లాంటి ముందుజాగ్రత్త సేవలకు మాత్రం మినహాయింపు ఉంది. ప్లాన్ పేరు పక్కన హెచ్‌ఎస్‌ఏకి అర్హం అని రాసుందో లేదో చూడండి, లేకపోతే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. కంపెనీ ద్వారా కాకుండా మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో) కొనుక్కునేవాళ్లకి ఓ మంచి మార్పు వచ్చింది: 2025 జులై 4న సంతకమైన చట్టం వల్ల 2026 జనవరి నుంచి అక్కడి బ్రాంజ్ ప్లాన్లు, కెటాస్ట్రఫిక్ ప్లాన్లు కూడా హెచ్‌ఎస్‌ఏకి చెల్లుతాయి.

ఉండకూడనివే ఎక్కువ, మనవాళ్లు పట్టుబడేదీ ఇక్కడే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైన ఇళ్లలో "ఎందుకైనా మంచిది" అని ఒకరి ప్లాన్‌లో ఇంకొకరిని కూడా చేర్చేస్తుంటారు. మీకు మీ కంపెనీలో హై డిడక్టిబుల్ ప్లాన్ ఉండి, మీ ఆవిడ పీపీఓలో (హై డిడక్టిబుల్ కాని మామూలు ఇన్సూరెన్స్ ప్లాన్‌లో) కూడా మీ పేరుంటే మీకు హెచ్‌ఎస్‌ఏ అర్హత లేదు. ఆవిడ పీపీఓలో ఆవిడ మాత్రమే ఉంటే మీకేం ఇబ్బంది లేదు. ఇంకా సూక్ష్మమైనది ఎఫ్‌ఎస్‌ఏ (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్, ఆఫీసు ద్వారా ఖర్చులకి టాక్స్ లేకుండా డబ్బు పెట్టుకునే ఖాతా). మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ మీకున్నా సరే, మీ భార్యకో భర్తకో వాళ్ల ఆఫీసులో ఉన్నా సరే, ఆ డబ్బుతో మీ వైద్య ఖర్చులు కూడా కట్టుకోవచ్చు కాబట్టి అది మీకు రెండో ఇన్సూరెన్స్ కింద లెక్క. అందులో డబ్బు మార్చిలోనే ఖర్చు చేసేశాం, ఇప్పుడు సున్నా ఉంది అంటే కుదరదు, ఆ ప్లాన్ సంవత్సరం అయ్యేదాకా కవరేజీ ఉన్నట్టే. పళ్లకీ కళ్లకీ మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ అయితే గొడవ లేదు, డేకేర్ ఖర్చుల కోసం పెట్టే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏకీ దీనికీ సంబంధమే లేదు. అందుకే చేరిన రోజు హెచ్‌ఆర్‌ని అడిగేముందు ఇంట్లో ఆవిణ్ని అడగండి.

మెడికేర్‌లో (65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో) చేరినవాళ్లకి, ఇంకొకరి టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపించదగినవాళ్లకి కూడా అర్హత లేదు. 65 దాటాక ఉద్యోగం చేస్తూ ఆలస్యంగా మెడికేర్ తీసుకునేవాళ్లకి పార్ట్ ఏ (అందులో ఆసుపత్రి ఖర్చుల భాగం) ఆర్నెల్ల వరకూ వెనక్కి వెళ్లి మొదలవుతుంది, ఆ నెలల్లో వేసిన డబ్బంతా ఎక్కువ వేసినట్టు అయిపోతుంది. కాబట్టి ఆ వయసులో ఉన్నవాళ్లు ఆర్నెల్ల ముందే ఆపేయాలి.

రెండోది: పన్నెండు గడుల లెక్క

కాగితం మీద జనవరి నుంచి డిసెంబర్ దాకా పన్నెండు గడులు గీయండి. ఒక్కో గడిలో ఆ నెల ఒకటో తారీఖున మీ పరిస్థితి ఏంటో రాయండి: మీకొక్కరికే కవరేజీ ఉంటే 4,400, మీతో పాటు ఇంకొక్కరైనా ఉంటే ఫ్యామిలీ, అంటే 8,750, అర్హత లేకపోతే సున్నా. అన్నీ కూడి పన్నెండుతో భాగించండి. అదే మీకు నెలల లెక్కన వచ్చే పరిమితి. ఫారం 8889 (రిటర్న్‌తో పాటు పెట్టే హెచ్‌ఎస్‌ఏ ఫారం) సూచనల్లో ఇదే పట్టిక ఉంటుంది, వాళ్లు కూడా ఇంతకంటే ఏం చేయరు.

55 నిండినవాళ్లకి ఏడాదికి ఇంకో 1,000 డాలర్లు అదనం, దాన్నీ నెలల లెక్కనే కోయాలి. భార్యాభర్తలిద్దరికీ 55 దాటితే ఎవరి వెయ్యి వాళ్ల సొంత ఖాతాలోనే వేసుకోవాలి, ఎందుకంటే జాయింట్ హెచ్‌ఎస్‌ఏ అనేది లేనే లేదు.

ఆగస్టు 14న చేరిన ఆయన్నే తీసుకుందాం, ఫ్యామిలీ కవరేజీ, అంతకుముందు పాత కంపెనీలో పీపీఓ. ఎనిమిది గడుల్లో సున్నా, నాలుగింటిలో 8,750. కూడితే 35,000, భాగిస్తే 2,916.67 డాలర్లు. పక్క సీటాయన పెట్టిన 8,750కీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

ఇంకో రకం కూడా మన దగ్గర ఎక్కువ. అబ్బాయి జనవరి నుంచి ఒక్కడే ప్లాన్‌లో ఉన్నాడు. పెళ్లయి, హెచ్-4 స్టాంపింగ్ అయి, అమ్మాయి మే 18న డాలస్‌లో దిగింది, ఆ రోజు నుంచే ఆమెని ప్లాన్‌లో చేర్చాడు. మే ఒకటిన ఇంకా ఒక్కడే కాబట్టి మే గడిలో 4,400 రాయాలి, జూన్ నుంచి ఫ్యామిలీ. అయిదు 4,400లు 22,000, ఏడు 8,750లు 61,250, మొత్తం 83,250. పన్నెండో వంతు 6,937.50. ఇక్కడ అమ్మాయికి సొంత ఆదాయం ఉందా, ఎస్‌ఎస్‌ఎన్ ఉందా అన్నది ఆ అబ్బాయి పరిమితికి అడ్డం కాదు, ప్లాన్‌లో ఆమె ఉంటే చాలు.

ఉద్యోగం పోయి ఏడాది మధ్యలో ప్లాన్ నుంచి బయటికి వచ్చినా ఇదే పట్టిక. జనవరి నుంచి మే దాకా ఫ్యామిలీ ప్లాన్‌లో ఉండి తర్వాత లేకపోతే అయిదు గడులు, 3,645.83. జనవరిలోనే ఉత్సాహపడి 5,000 వేసేసి ఉంటే 1,354.17 ఎక్కువైనట్టు. అదే తక్కువ వేసి ఉంటే మాత్రం ప్లాన్ పోయాక కూడా ఆ అయిదు నెలల బాకీని పూర్తి చేసుకునే హక్కు మీకు మరుసటి ఏడాది ఏప్రిల్ దాకా ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియక వదిలేస్తారు. కోబ్రా (ఉద్యోగం పోయాక పాత ప్లాన్‌నే సొంత డబ్బు కట్టి ఉంచుకునే వీలు) మీద అదే ప్లాన్ కొనసాగిస్తే నెలలు ఆగవు, పైగా కోబ్రా ప్రీమియం హెచ్‌ఎస్‌ఏ డబ్బుతోనే కట్టొచ్చు.

మూడోది: డిసెంబర్ ఒకటి మెలిక

ఇప్పుడు పక్క సీటాయన మాటకి తిరిగొద్దాం, ఎందుకంటే ఆయన చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. లాస్ట్ మంత్ రూల్ అని ఒకటుంది. డిసెంబర్ ఒకటో తారీఖున మీకు అర్హత ఉంటే, ఏడాదంతా ఆ ప్లాన్‌లోనే ఉన్నట్టు లెక్కేసుకోవచ్చు. అంటే ఆగస్టులో చేరినా, నవంబర్ చివర్లో చేరినా పూర్తి 8,750 వేయొచ్చు. పైన మే నెలలో భార్య వచ్చిన అబ్బాయి కూడా 6,937.50 బదులు 8,750 వేయొచ్చు, డిసెంబర్ ఒకటిన అతనిది ఫ్యామిలీ కవరేజీ కాబట్టి.

మరి మెలిక ఎక్కడుందంటే, అలా వేసినవాళ్లు ఆ డిసెంబర్ నుంచి మరుసటి ఏడాది డిసెంబర్ 31 దాకా, మొత్తం 13 నెలలు, అర్హత పోకుండా ఉండాలి. దీన్నే టెస్టింగ్ పీరియడ్ అంటారు. మధ్యలో అర్హత పోతే నెలల లెక్కన రావాల్సిన దానికంటే ఎంత ఎక్కువ వేశారో ఆ మొత్తాన్ని అర్హత పోయిన ఏడాది ఆదాయంలో కలిపి టాక్స్ కట్టాలి, దాని మీద ఇంకో 10 శాతం అదనం. చావు, అంగవైకల్యం తప్ప వేరే కారణాలకి మినహాయింపు లేదు. కంపెనీయే ఉద్యోగం తీసేసింది సార్ అంటే వినరు.

అంకెల్లో చూస్తే భయం కాస్త తగ్గుతుంది. ఆగస్టు ఆయన 2026కి 8,750 వేశాడు, 2,916.67కి మాత్రమే హక్కుంది, తేడా 5,833.33. 24 శాతం బ్రాకెట్‌లో ఉంటే ఆ తేడా మీద ఆ ఏడాది 1,400 డాలర్ల టాక్స్ మిగిలింది. 2027 జూన్‌లో ఇంకో కంపెనీకి మారి పీపీఓ తీసుకున్నాడు. 2027 రిటర్న్‌లో ఆ 1,400 తిరిగి కట్టాలి, పైన 583 డాలర్లు జుర్మానా. కొంప మునిగిపోదు గానీ ఊరికే పోయే డబ్బు. డబ్బు మాత్రం ఖాతాలోనే ఉంటుంది. "టెస్ట్ ఫెయిలయ్యాం కదా" అని దాన్ని బయటికి తీసేస్తే అది సరిదిద్దినట్టు కాదు, వైద్యానికి కాని ఖర్చు కింద పడి మళ్లీ టాక్సూ, 20 శాతం పెనాల్టీ వస్తాయి. కాబట్టి దాన్ని ముట్టుకోకండి.

టెస్ట్ ఎలా ఫెయిలవుతామో కూడా తెలిసి ఉండాలి. పీపీఓకి మారితే, జనవరిలో మీ ఆవిడ తన ఆఫీసులో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ పెట్టించుకుంటే, మెడికేర్ మొదలైతే, ఉద్యోగం పోయి కోబ్రా కూడా తీసుకోకపోతే, అన్నీ సర్దుకుని ఇండియా వెళ్లిపోతే. ఫ్యామిలీ నుంచి ఒక్కరి కవరేజీకి మారితే మాత్రం ఫెయిల్ కాదు, అర్హత ఉన్న ప్లాన్‌లో కొనసాగితే చాలు. అలాగే కంపెనీ మారినా కొత్త కంపెనీలో ఇలాంటి ప్లానే తీసుకుని, మధ్యలో ఏ నెల ఒకటో తారీఖూ ఖాళీ పోకుండా చూసుకుంటే ఇబ్బంది లేదు.

నాలుగోది: వేయాలా వద్దా అన్నది ఏప్రిల్‌లో తేల్చుకోండి

నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. అందరూ డిసెంబర్ 31 లోపు డబ్బు పడాలని హడావుడి పడతారు. అవసరం లేదు. 2026 సంవత్సరానికి హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయడానికి గడువు 2027 ఏప్రిల్ 15. టాక్స్ ఫైలింగ్‌కి ఎక్స్‌టెన్షన్ తీసుకున్నా ఈ గడువు జరగదు. అందుకని ఏడాది లోపల పేచెక్ ద్వారా నెలల లెక్కన వచ్చేది మాత్రమే వేసుకోండి, లాస్ట్ మంత్ రూల్ వల్ల వచ్చే అదనం సంగతి ఏప్రిల్ మొదటివారందాకా పక్కన పెట్టండి. అప్పటికి 13 నెలల్లో నాలుగు నెలలు గడిచిపోయి ఉంటాయి. ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో, ఆవిడ ఆఫీసులో ఎఫ్‌ఎస్‌ఏ పెట్టారో లేదో, ఆ ఏడాదికి ఏ ప్లాన్‌లో ఉన్నారో అన్నీ తెలిసిపోతాయి. హెచ్-1బీ మీద ఉండి ఉద్యోగం పోతే 60 రోజుల గడువుతో కొట్టుమిట్టాడే మనకి ఆ నాలుగు నెలల సమాచారం చాలా విలువైనది.

దీనికో ఖర్చు ఉంది, దాచను. పేరోల్ ద్వారా వేస్తే ఫెడరల్ టాక్సే కాకుండా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం కూడా మిగులుతుంది, బ్యాంకు ఖాతా నుంచి మీరే వేస్తే అది మిగలదు. 5,833 డాలర్ల మీద అది 446. ఏడాది జీతం సోషల్ సెక్యూరిటీ పరిమితి దాటినవాళ్లకి ఈ మిగులు ఎటూ తక్కువే. ఉద్యోగం స్థిరంగా ఉంది, కంపెనీ మారే ఆలోచనే లేదు, ఇంట్లో అందరిదీ ఒకే ప్లాన్ అనుకుంటే పేరోల్‌లోనే పూర్తిగా వేసేయండి. అంత ధీమా లేనివాళ్లకి ఆ 446 వదులుకుని ఏప్రిల్ దాకా ఆగడమే మేలని నా అభిప్రాయం.

ఏప్రిల్‌లో వేసేటప్పుడు పోర్టల్‌లో ఏ సంవత్సరానికి అని అడుగుతుంది, ముందుగా కొత్త సంవత్సరమే ఎంచి ఉంటుంది. దాన్ని తీసేసి 2026 సంవత్సరాన్ని ఎంచుకోకపోతే డబ్బు 2027 పరిమితిలోకి పోతుంది. మార్చాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అయిదోది: పేచెక్‌కి ఎంత పెట్టాలి

పరిమితిలోంచి ముందు కంపెనీ వేసే డబ్బు తీసేయాలి. చాలామంది దాన్ని బోనస్ అనుకుంటారు, అది కూడా అదే గిన్నెలోది. తర్వాత ఈ ఏడాదే పాత కంపెనీలో పడ్డది తీసేయాలి, నేను మర్చిపోయింది ఇదే. భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా హెచ్‌ఎస్‌ఏలు ఉండి, ఇద్దరిలో ఒక్కరిదైనా ఫ్యామిలీ కవరేజీ అయితే ఇద్దరికీ కలిపి ఒకటే 8,750, ఎలా పంచుకుంటారన్నది మీ ఇష్టం. ఇద్దరూ వేరువేరు కంపెనీల్లో ఎవరి ప్లాన్‌లో వాళ్లే ఉంటే చెరో 4,400.

ఆగస్టు ఆయన పరిమితి 2,916.67, కంపెనీ 500 వేస్తానంది, మిగిలింది 2,416.67. ఏడాదిలో ఇంకా ఎనిమిది పేచెక్‌లు ఉంటే ఒక్కోదాంట్లో 302 డాలర్లు. పోర్టల్ అడిగేది ఏడాది మొత్తమా, పేచెక్‌కి ఎంతనా అన్నది జాగ్రత్తగా చూడండి. 8,750 పెట్టబోతే ఆ పోర్టల్ మిమ్మల్ని ఆపదు, దానికి కనిపించేది ఏడాది పరిమితి మాత్రమే, మీ నెలలు కాదు. తర్వాత తప్పు తెలిస్తే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు, హెచ్‌ఎస్‌ఏ కోతని ఏడాది మధ్యలో, నెలకోసారైనా మార్చుకునే వీలుండాలి.

ఖాతా తెరవడం మాత్రం వాయిదా వేయకండి. అర్హత వచ్చిన మొదటి నెలలోనే తెరిచి ఏ పాతిక డాలర్లో వేసేయండి, ఎందుకంటే ఖాతా ఏర్పడక ముందు జరిగిన వైద్యానికి ఆ డబ్బు వాడుకోవడం కుదరదు. సెప్టెంబర్ ఒకటి నుంచి ప్లాన్ ఉంది, సెప్టెంబర్ 20న పిల్లాడికి చెయ్యి విరిగింది, మీరు అక్టోబర్‌లో ఖాతా తెరిచారు: ఆ ఎమర్జెన్సీ బిల్లు జేబులోంచే. లాస్ట్ మంత్ రూల్ వాడి ఏడాదంతా అర్హత ఉన్నట్టు లెక్కేసుకున్నా బిల్లుల విషయంలో అది వెనక్కి పనిచేయదు. ఇదివరకు ఎక్కడో పాత హెచ్‌ఎస్‌ఏ ఉంటే దాన్ని మూసేయకండి, పది డాలర్లున్నా ఉండనివ్వండి. అది బతికున్నంతకాలం మీ తేదీ పాతదే.

బిల్లుల మాట వచ్చింది కాబట్టి, మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇండియా ఖర్చుల గురించి. ఖాతా తెరిచిన తర్వాత సెలవుల్లో వెళ్లి హైదరాబాద్‌లో రూట్ కెనాల్ చేయించుకుంటే అది చెల్లుతుంది, రసీదు మీద పేరు, తేదీ, చేసిన వైద్యం స్పష్టంగా ఉండాలి. అక్కడ కొన్న మందులు అక్కడే వాడితే సరే, సూట్‌కేసులో వేసుకొచ్చుకున్న మందులు చెల్లవు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల డాక్టర్ బిల్లులకి ఈ డబ్బు వాడకండి. మామూలుగా వాళ్లు టాక్స్ లెక్కలో మీ డిపెండెంట్లు కారు.

ఆరోది: ఎక్కువ పడిపోతే

నా 550 డాలర్ల కథ. ఎక్కువ పడిన డబ్బు ఖాతాలో ఉన్నన్నాళ్లూ ఏటా 6 శాతం ఎక్సైజ్ టాక్స్, ఫారం 5329లో కట్టాలి. ఏడాదికి 33 డాలర్లే కదా అని వదిలేయబోయాను, ఏటా కట్టాలని చదివాక వదల్లేదు. ఖాతా ఉన్న సంస్థకి ఫోన్ చేస్తే మొదట మాట్లాడినావిడ "మామూలుగా విత్‌డ్రా చేసుకోండి" అంది. ఆ మాట విని ఉంటే ఇంకో చిక్కులో పడేవాణ్ని. మామూలు విత్‌డ్రాయల్ వేరు, ఎక్కువ పడ్డదాన్ని వెనక్కి తీయడం వేరు. రెండోదానికి ప్రత్యేకంగా ఓ ఫారం ఉంటుంది, అది అడిగి తీసుకోవాలి. అందులో ఏ సంవత్సరం, ఎంత ఎక్కువ అని రాసిస్తే, ఆ డబ్బు ఖాతాలో ఉన్నప్పుడు సంపాదించినదాన్ని కూడా వాళ్లే లెక్కగట్టి కలిపి పంపుతారు. నాకు 571 వచ్చింది. 550ని 2024 ఆదాయంలో కలిపాను, అది పేరోల్‌లో టాక్స్ పడకుండా వెళ్లింది కాబట్టి. 21 డాలర్ల రాబడి డబ్బు చేతికొచ్చిన 2025 లెక్కలోకి వెళ్లింది.

దీనికి గడువు టాక్స్ ఫైల్ చేసే తేదీ, ఎక్స్‌టెన్షన్‌తో సహా. సమయానికి రిటర్న్ ఫైల్ చేసేసినవాళ్లు కూడా అక్టోబర్ 15 లోపు తీసేసి సవరించిన రిటర్న్ పంపొచ్చు. అదీ దాటిపోతే ఒకసారి 6 శాతం కట్టి, మరుసటి ఏడాది పరిమితిలో అంత తక్కువ వేసి సర్దుకోవడం ఒక దారి. అన్నట్టు, డిసెంబర్ ఒకటిన మీకు అర్హత ఉంటే నెలల లెక్క దాటినంత మాత్రాన అది ఎక్కువ పడ్డట్టు కాదు, ఏడాది పూర్తి పరిమితి దాటితేనే. పైన చెప్పిన టెస్టింగ్ పీరియడ్ గొడవ వేరు, ఇది వేరు. రెండూ కలిపేసి కంగారుపడి డబ్బు తీసేసుకున్నవాళ్లని చూశాను.

ఇక ఫారం 8889

పేచెక్ నుంచి కోసినదీ కంపెనీ వేసినదీ కలిపి డబ్ల్యూ కోడ్ పక్కన ఒకే అంకెగా వస్తాయి, అది 9వ లైన్‌లోకి వెళ్తుంది. మీరు బ్యాంకు నుంచి సొంతంగా వేసింది మాత్రమే 2వ లైన్. పేచెక్ డబ్బుని "నేనే కదా వేశాను" అని 2వ లైన్‌లో కూడా రాస్తే రెండుసార్లు లెక్కలోకొచ్చి, లేని తప్పుకి సాఫ్ట్‌వేర్ పెనాల్టీ వేస్తుంది. 3వ లైన్‌లో మీ పన్నెండు గడుల పరిమితి, లేదా లాస్ట్ మంత్ రూల్ కింద పూర్తి పరిమితి. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నెలకీ ప్లాన్ రకం అడిగే పేజీ ఉంటుంది, తొందరలో అన్ని నెలలకీ ఒకటే టిక్కు పెట్టేయకుండా మీ కాగితం చూసి నింపండి. టెస్ట్ ఫెయిలైనవాళ్లకి మూడో భాగం, 18 నుంచి 21 దాకా.

కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో ఉండేవాళ్లకి ఇంకో పని ఉంది. ఆ రెండు రాష్ట్రాలూ హెచ్‌ఎస్‌ఏని గుర్తించవు, ఫెడరల్‌లో తీసేసిన మొత్తాన్ని స్టేట్ రిటర్న్‌లో మళ్లీ కలపాలి, ఖాతాలో వచ్చిన వడ్డీ, డివిడెండ్లకి కూడా అక్కడ టాక్స్ ఉంది. ఎడిసన్ నుంచి టెక్సస్‌కి ఏడాది మధ్యలో మారినవాళ్లయితే న్యూజెర్సీలో ఉన్న నెలల పేచెక్‌ల నుంచి ఎంత కోశారో విడిగా చూసుకోవాలి.

ఫైలింగ్ అయిపోయాక మే నెలలో 5498-ఎస్‌ఏ అని ఓ కాగితం వస్తుంది. ఏ ఏడాదికి ఎంత పడిందో అందులో ఉంటుంది. ఏప్రిల్‌లో వేసింది 2026 కింద పడిందో 2027 కింద పడిందో దాంట్లో చూడండి. తప్పు పడితే స్క్రీన్‌షాట్ పెట్టి వెంటనే ఫోన్ చేయండి. ఆ పన్నెండు గడుల కాగితాన్ని కూడా దానికే పిన్ను కొట్టి పెట్టండి, లాస్ట్ మంత్ రూల్ వాడి ఉంటే 2027 డిసెంబర్ 31 దాకా దాంతో పని ఉంటుంది.